పంది మాంసం ముట్టని ఇంట్లోనూ మెదడులో పురుగు తిత్తి: ఫిట్స్, ప్రయాణాలు, మనం తెలుసుకోవాల్సినవి

"మనం పంది మాంసం ముట్టం కదా, మనకెందుకు వస్తుంది ఈ రోగం?" మెదడులో పురుగు తిత్తి ఉందని స్కాన్ రిపోర్టు వస్తే ముస్లిం ఇళ్లలో మొదట వినిపించే మాట ఇది. అడిగేవాళ్ల గొంతులో భయంతో పాటు కాస్త సిగ్గు కూడా ఉంటుంది. పిల్లాడు బయట ఏదో తిన్నాడేమో, గల్ఫ్‌లో ఉన్నప్పుడు అబ్బాయి ఏదో హోటల్లో తెలియక తిన్నాడేమో అని అనుమానం. ఆ అనుమానంతోనే కొందరు రిపోర్టును బీరువాలో దాచేస్తారు. మందు ఆలస్యమవుతుంది.

జవాబు ముందే చెప్పేద్దాం. పంది మాంసం తిన్నందువల్ల ఈ తిత్తి నేరుగా మెదడులోకి రాదు. కడుపులో బద్దె పురుగు ఉన్న మనిషి మలంలోంచి వచ్చే గుడ్లు ఎవరి నోట్లోకి పోతే వాళ్లకు వస్తుంది. ఆ గుడ్డుకు మతం తెలియదు. శాకాహారులకూ వస్తుంది, మనకూ వస్తుంది. సున్నిపెంట, ఆత్మకూరు, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు నుంచి కువైట్, సౌదీ, ఖతర్ వెళ్లొచ్చే కుటుంబాలకు పనికొచ్చే సంగతులన్నీ ఇక్కడ ఒక్కచోట ఇస్తున్నాం.

పురుగు ఒకటే, జబ్బులు రెండు

ఈ పురుగు పేరు టీనియా సోలియం. తెలుగులో పంది బద్దె పురుగు అంటారు. దీని వల్ల రెండు వేర్వేరు జబ్బులు వస్తాయి. రెండింటినీ కలిపేయడం వల్లే ఇంత గందరగోళం.

మొదటిది కడుపులో పురుగు. సరిగ్గా ఉడకని పంది మాంసంలో చిన్న చిన్న తిత్తులు ఉంటే, అది తిన్న మనిషి పేగుల్లో ఆ తిత్తి పెద్ద పురుగుగా ఎదుగుతుంది. పొడవు 2 నుంచి 7 మీటర్ల దాకా ఉండొచ్చు. ఆ మనిషికి పెద్దగా బాధేమీ ఉండదు. ఏళ్ల తరబడి తెలియకుండానే మోస్తాడు. పురుగు తోక వైపు నుంచి ముక్కలు ఊడి మలంలో బయటికి వస్తుంటాయి. ఒక్కో ముక్కలో 50,000 దాకా గుడ్లు ఉండగలవు. కంటికి కనపడనంత చిన్నవి.

రెండోది మెదడులో తిత్తి. ఆ గుడ్లు చేతుల ద్వారా, నీళ్ల ద్వారా, పచ్చి కూరల ద్వారా ఇంకొకరి నోట్లోకి పోతాయి. కడుపులో గుడ్డు పగిలి, పిల్ల పురుగు పేగు గోడను దాటి రక్తంలో కలుస్తుంది. కండల్లోకి, కంట్లోకి, మెదడులోకి చేరి అక్కడ నీటి తిత్తిగా కూర్చుంటుంది. సాధారణంగా సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది. మెదడులో చేరినదాన్ని డాక్టర్లు న్యూరోసిస్టిసర్కోసిస్ అంటారు. రిపోర్టుల్లో పొట్టిగా ఎన్‌సీసీ అని రాస్తారు.

అంటే పంది మాంసం తిన్నవాడికి వచ్చేది కడుపు పురుగు. అతని చేతి వంట తిన్నవాడికో, అతను బహిర్భూమికి వెళ్లిన చోటి నీళ్లు తాగినవాడికో వచ్చేది మెదడు తిత్తి. కడుపులో పురుగు ఉన్నవాడి చేయి అతని నోటికే తగిలితే అతనికి రెండూ రావచ్చు.

ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తుంది. పెద్ద మాంసంలోనూ పురుగు ఉంటుందంటారు కదా? ఉంటుంది. దాని పేరు టీనియా సాజినాటా. సరిగ్గా ఉడకని గొడ్డు మాంసం వల్ల అది పేగుల్లో పెరగొచ్చు. కానీ దాని గుడ్ల వల్ల మనిషి మెదడులో తిత్తులు ఏర్పడవు. మాంసం బాగా ఉడికించి తింటే దానికీ భయపడక్కర్లేదు.

క్యాబేజీ పురుగు కథ

క్యాబేజీలో, కాలీఫ్లవర్‌లో కనిపించే పచ్చ పురుగు మెదడులోకి పాకుతుందని చాలామంది నమ్ముతారు. ఆ పురుగు సీతాకోకచిలుక జాతి పిల్ల. దానికి ఈ జబ్బుతో ఏ సంబంధమూ లేదు. భయపడాల్సింది కంటికి కనపడని గుడ్ల గురించి. మురుగు నీళ్లు పారించిన చేలో, బహిర్భూమి పక్కన పండిన ఏ ఆకు మీదైనా అవి ఉండొచ్చు. కొత్తిమీర, పుదీనా, క్యారెట్, టమాటా, సలాడ్‌లో వేసే ఖీరా, దేనికైనా అంటొచ్చు. ఉడికించిన కూరలో గుడ్డు చస్తుంది. పచ్చిగా తినేవాటినే ధారగా పారే నీళ్లలో రెండు మూడుసార్లు రుద్ది కడగాలి. బిర్యానీ పక్కన పెట్టే రాయితా, పచ్చి ఉల్లి ముక్కలు, నిమ్మ చెక్కలు కూడా ఈ లెక్కలోవే. నిమ్మరసం పిండితే గుడ్లు చస్తాయనుకోవడం పొరపాటు.

పంది ముట్టని ఇళ్లలో వచ్చిన జబ్బు

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. 1990, 1991లో అమెరికాలోని న్యూయార్క్‌లో సనాతన యూదు సమాజానికి చెందిన నలుగురికి ఈ జబ్బు బయటపడింది. యూదులకూ పంది నిషిద్ధమే. ఆ నలుగురి మధ్య చుట్టరికం లేదు. డాక్టర్లకు మొదట అర్థం కాలేదు. ఆరా తీస్తే, ఆ ఇళ్లలో వంట, పిల్లల పని చూసే మనుషులు ఈ పురుగు ఎక్కువగా ఉండే లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చినవాళ్లు. పరీక్ష చేసిన పనివాళ్లలో ఒకరి కడుపులో బద్దె పురుగు ఉన్నట్టు తేలింది. రోగుల ఇళ్లలోని 17 మంది దగ్గరి బంధువులకు రక్త పరీక్ష చేస్తే, ఏడుగురి రక్తంలో ఈ పురుగు తాలూకు గుర్తులు కనిపించాయి. 1992లో ఈ సంగతి వైద్య పత్రికలో అచ్చయ్యాక, పంది మాంసం తినని సమాజాలకు ఈ జబ్బు రాదన్న నమ్మకం పోయింది.

అరబ్బు దేశాల్లోనూ ఇదే జరిగింది. 2004లో కువైట్ డాక్టర్లు ప్రచురించిన వివరాల్లో, ఈ జబ్బు వలస వచ్చినవాళ్లకే కాక కువైటీలకూ ఉన్నట్టు తేలింది. ఖతర్ నుంచి కూడా ఈ జబ్బు గురించి వివరాలు వచ్చాయి.

మన రాయలసీమ నుంచి కువైట్ ఇళ్లలో వంటకు, పిల్లల్ని చూసుకోవడానికి వెళ్లిన అక్కాచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. హోటళ్లలో, క్యాంపు మెస్సుల్లో వంట చేసే తమ్ముళ్లు ఉన్నారు. కాబట్టి మనం ఈ కథలో రెండు వైపులా ఉన్నాం. వండిపెట్టేవాళ్లం మనమే, ఇంకొకరు వండింది తినేవాళ్లమూ మనమే. కడుపులో పురుగు ఉన్న మనిషి నేరస్థుడు కాదు, రోగి. పనిమనిషిని అనుమానించి పనిలోంచి తీసేస్తే ఆ పురుగు ఇంకో ఇంటికి వెళ్తుంది. పరీక్ష చేయించి, మందు ఇప్పిస్తే అక్కడితో ఆగిపోతుంది.

ఊరికి తిరిగొచ్చాక ఎన్నాళ్లకు బయటపడుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు మన దేశం నుంచి తిరిగి వెళ్లినవాళ్ల దగ్గరే దొరికింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఇండియాలో పనిచేసి ఇంగ్లండ్ వెళ్లిపోయిన సైనికులకు ఫిట్స్ రావడం మొదలైంది. వాళ్లలో ఎక్కువమందికి అంతకుముందు ఏ జబ్బూ లేదు. మిలిటరీ డాక్టర్లు వాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. 1961లో డిక్సన్, లిప్స్‌కోంబ్ అనే ఇద్దరు డాక్టర్లు 450 మంది వివరాలు ప్రచురించారు. చాలామందికి గుడ్డు లోపలికి పోయిన కొన్నేళ్ల తరువాతే మొదటి ఫిట్ వచ్చింది. కొందరికి 20 ఏళ్లు దాటాక కూడా వచ్చింది.

ఎందుకింత ఆలస్యం? తిత్తిలో పురుగు బతికి ఉన్నంతకాలం మన శరీరం దాన్ని గుర్తుపట్టకుండా మోసం చేస్తుంది. అది చావడం మొదలుపెట్టినప్పుడు శరీరం మేలుకుంటుంది. చుట్టూ వాపు వస్తుంది. ఆ వాపు మెదడును రెచ్చగొట్టినప్పుడే ఫిట్. ఆ తరువాత తిత్తి పూర్తిగా కరిగిపోవచ్చు, లేదా సున్నపు మచ్చగా మిగిలిపోవచ్చు.

కాబట్టి దుబాయ్‌లో ఫిట్ వచ్చినంత మాత్రాన జబ్బు దుబాయ్‌లో అంటిందని చెప్పలేం. ఊళ్లో ఉన్నప్పుడు పదేళ్ల కిందట లోపలికి పోయిన గుడ్డు కావచ్చు. అలాగే ఊరికి వచ్చాక ఫిట్ వస్తే ఊరి నీళ్లను మాత్రమే అనుమానించలేం. "ఎక్కడ అంటింది" అని తవ్వుకోవడం కంటే "ఇప్పుడు ఇంట్లో ఎవరి కడుపులోనైనా పురుగు ఉందా" అని చూసుకోవడం పనికొస్తుంది.

మన దగ్గర ఇది ఎంత మామూలు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, మనుషులూ విడిగా తిరిగే పందులూ దగ్గర దగ్గరగా ఉండే చాలా ప్రాంతాల్లో మూర్ఛ రోగాల్లో 30 శాతం దాకా ఈ పురుగు వల్లే. మన రాయలసీమ జనం పెద్ద జబ్బు అంటే బస్సెక్కే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి డాక్టర్లు, ఆ జిల్లాలోనే ఊళ్లూ పట్నమూ కలిపి సుమారు 50 వేల మందిని ఇంటింటికీ తిరిగి చూశారు. 2006లో ఫలితాలు వచ్చాయి. ఫిట్స్ ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి కారణం ఈ తిత్తులే అని తేలింది.

మన దేశంలో ఎక్కువగా కనిపించేది ఒక్క తిత్తి రకం. పిల్లలకు, కుర్రవాళ్లకు ఎక్కువగా వస్తుంది. ఇది కాస్త ఊరటనిచ్చే మాట. ఎందుకంటే ఒక్క తిత్తి ఉన్నవాళ్లలో చాలామంది పూర్తిగా బాగవుతారు.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

- అంతకుముందు ఎప్పుడూ లేని మనిషికి ఫిట్ రావడం
- స్పృహ ఉండగానే ఒక చేయో, కాలో, మూతి ఒక వైపో కొట్టుకోవడం
- రోజురోజుకీ పెరిగే తలనొప్పి, దానితో వాంతులు
- చూపు మసకబారడం, రెండుగా కనిపించడం
- ఒక వైపు చేయి, కాలు బలం తగ్గడం
- మనిషి ప్రవర్తన, జ్ఞాపకశక్తి ఉన్నట్టుండి మారడం

ఇవి వేరే జబ్బులకూ లక్షణాలే. అందుకే పరీక్ష కావాలి. మనవాళ్లలో ఫిట్ వస్తే "సాయా పడింది", "గాలి సోకింది" అని ముందు ఆమిల్ దగ్గరికో, దర్గాకో తీసుకెళ్లడం ఉంది. దువా చేసుకోండి, ఎవరూ వద్దనరు. కానీ అదే రోజు డాక్టరుకూ చూపించండి. తలలో నీరు చేరి ఒత్తిడి పెరిగితే గంటలే లెక్క. తావీజు కట్టి వారం చూద్దాం అనే వ్యవధి అక్కడ ఉండదు.

స్కాన్‌లో మచ్చ: పురుగా, టీబీయా?

సీటీ స్కాన్, ఎంఆర్ఐ ఈ జబ్బును పట్టిస్తాయి. ఎంఆర్ఐలో తిత్తి లోపల చిన్న చుక్కలా పురుగు తల కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. చాలాసార్లు కనిపించేది ఉంగరంలాంటి మచ్చ. టీబీ గడ్డ కూడా ఇలాగే కనిపిస్తుంది. అందుకే ఒకప్పుడు ఫిట్ వచ్చి, మచ్చ కనపడిన చాలామందికి నెలల తరబడి టీబీ మందులు వాడించేవారు. వెల్లూరు సీఎంసీలో డాక్టర్ వేదాంతం రాజశేఖర్ బృందం ఈ చిక్కు విప్పడంలో పెద్ద పని చేసింది. ఒక్క మచ్చే ఉండి, 20 మిల్లీమీటర్ల లోపు ఉండి, మెదడును పక్కకు నెట్టేంత వాపు లేకపోతే, వేరే చోట టీబీ, క్యాన్సరు లాంటివేమీ లేకపోతే అది పురుగు తిత్తి అయ్యే అవకాశమే ఎక్కువ అని చూపించింది.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఒకటుంది. గతంలో టీబీ వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, ఏ దేశాల్లో ఎన్నాళ్లు ఉన్నారు, ఏ పని చేశారు, ఇవన్నీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. గల్ఫ్‌లో స్కాన్ తీసి ఉంటే రిపోర్టుతో పాటు సీడీ కూడా తెచ్చుకోండి. పాత స్కాన్ పక్కన పెట్టి చూస్తేనే మచ్చ తగ్గుతోందా, పెరుగుతోందా తెలుస్తుంది.

మందులు: సొంత వైద్యం ఎందుకు ప్రమాదం

వైద్యంలో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది ఫిట్స్ ఆపే మందు. రెండోది వాపు తగ్గించే స్టెరాయిడ్. మూడోది పురుగును చంపే ఆల్బెండజోల్, కొందరికి దానితో పాటు ప్రాజిక్వాంటెల్. ఎవరికి ఏవి, ఎన్నాళ్లు అనేది తిత్తుల సంఖ్యను, స్థితిని బట్టి డాక్టరు తేలుస్తారు. సున్నపు మచ్చ మాత్రమే మిగిలిన వాళ్లకు పురుగు మందు అవసరం ఉండదు. తలలో ఒత్తిడి ఎక్కువగా ఉన్నవాళ్లకు ముందు దాన్ని తగ్గించాలి.

"ఆల్బెండజోల్ అంటే స్కూల్లో ఇచ్చే నులిపురుగుల మాత్రే కదా, కొనుక్కుని వేసుకుంటే పోలా?" అని అడుగుతారు. ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం రోజు పిల్లలకు ఇచ్చే ఒక్క మాత్ర పేగుల్లోని నులిపురుగుల కోసం. పిల్లలకు తప్పకుండా వేయించండి. మెదడు తిత్తికి ఇచ్చే మోతాదు వేరు, అది రోజుల తరబడి వాడేది. స్కాన్ లేకుండా, స్టెరాయిడ్ లేకుండా ఎవరికి వారు ఆ కోర్సు మొదలుపెడితే తిత్తులన్నీ ఒక్కసారి చచ్చి మెదడు వాచిపోవచ్చు. కంట్లో తిత్తి ఉంటే చూపే పోవచ్చు. అందుకే మందుకు ముందు కళ్లు కూడా పరీక్షిస్తారు.

ఫిట్స్ మందు మధ్యలో ఆపడం మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. రెండు నెలలు ఫిట్ రాకపోతే "తగ్గిపోయిందిలే" అని మానేస్తారు. నిఖా మాటలు నడుస్తున్నప్పుడు పెళ్లివారికి తెలుస్తుందని మాత్రలు దాచేస్తారు. మందు హఠాత్తుగా ఆపితేనే పెద్ద ఫిట్స్ వస్తాయి. మచ్చ పోయిందని మళ్లీ స్కాన్‌లో చూశాక డాక్టరే నెమ్మదిగా తగ్గిస్తారు. చాలామందికి ఇది జీవితాంతం వాడే మందు కాదు. ఆ మాట పెళ్లివారితో ధైర్యంగా చెప్పొచ్చు.

రంజాన్‌లో మాత్రల వేళలు మారతాయి కాబట్టి నెల ముందే డాక్టరును అడగండి. కొన్ని మందులను సహరీకి, ఇఫ్తార్‌కి సర్దవచ్చు. సర్దడం కుదరకపోతే రోగికి మన దీన్‌లో సడలింపు ఉంది. నిద్ర తక్కువైనా ఫిట్స్ వస్తాయని తరావీహ్ రోజుల్లో గుర్తుపెట్టుకోవాలి.

మళ్లీ విదేశం వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. ఫిట్స్‌కు ఇచ్చే మందుల్లో క్లోనజెపాం, ఫినోబార్బిటోన్ లాంటివి గల్ఫ్ దేశాల్లో నియంత్రణలో ఉంటాయి. డాక్టరు చీటీ లేకుండా సంచిలో వేసుకుని ఎయిర్‌పోర్టులో దిగితే చిక్కుల్లో పడతారు. ఆ దేశపు నియమాలు ముందే కనుక్కుని, మందు పేరు, మోతాదు, జబ్బు రాసిన చీటీ వెంట ఉంచుకోండి. డ్రైవర్ పనికి వెళ్లేవాళ్లు జబ్బు దాచి స్టీరింగ్ పట్టడం తనకూ, ఎదుటివాళ్లకూ ప్రాణాపాయం. మన దగ్గర లైసెన్సు దరఖాస్తులో కూడా మూర్ఛ ఉందా అని అడుగుతారు.

ఫిట్ వచ్చినప్పుడు పక్కనున్నవాళ్లు

1. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటి బట్ట పెట్టండి.
2. మెడ దగ్గర గుండీలు, బుర్ఖా, దుపట్టా బిగుతు వదులు చేయండి.
3. నోట్లో చెంచా, తాళం, వేలు ఏదీ పెట్టొద్దు. నీళ్లు పోయొద్దు. ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించడం వల్ల ఫిట్ ఆగదు.
4. కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకోవద్దు.
5. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, స్పృహ రాకుండా మళ్లీ వచ్చినా, అదే మొదటి ఫిట్ అయినా, గర్భిణి అయినా, నీళ్లలో పడినా 108కి ఫోన్ చేయండి.

ఫిట్స్ ఉన్నవాళ్లు పాతాళగంగ దగ్గరైనా, కాలువలోనైనా ఒంటరిగా నీళ్లలో దిగొద్దు. కట్టెల పొయ్యి ముందు ఒంటరిగా కూర్చోవద్దు.

బక్రీద్ రోజు గుర్తుపెట్టుకోవాల్సిన ఇంకో పురుగు

మన ఇళ్లకు పంది పురుగు కంటే దగ్గరగా ఉండే పురుగు ఒకటుంది. పేరు ఎకినోకాకస్. ఇది కుక్క పేగుల్లో ఉంటుంది, కొన్ని మిల్లీమీటర్లే. కుక్క మలంలోని గుడ్లు గొర్రెలు, మేకలు మేతతో తింటాయి. వాటి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు పెరుగుతాయి. ఆ బుడగలున్న కాలేయం కుక్క తింటే మళ్లీ కుక్క కడుపులో పురుగులు. మధ్యలో మనిషి చేతికి గుడ్డు అంటి నోట్లోకి పోతే మనిషికీ బుడగలు వస్తాయి. దీన్ని హైడటిడ్ జబ్బు అంటారు. ఎక్కువగా కాలేయానికి, తరువాత ఊపిరితిత్తులకు వస్తుంది. నూటికి ఒకరిద్దరికి మెదడులో వస్తుంది, వాళ్లలో పిల్లలు ఎక్కువ. గొర్రెల మందలు ఎక్కువగా ఉండే ప్రాంతాల జబ్బు ఇది. మన దేశంలో ఇది ఎక్కువగా కనిపించిన చోట్లలో కర్నూలు ప్రాంతం పేరూ వైద్య రచనల్లో వస్తుంది.

ఖుర్బానీ జంతువు కోసినప్పుడు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తెల్లటి నీటి బుడగలు కనిపిస్తే వాటిని కోయొద్దు, చిదమొద్దు, కుక్కకు వేయొద్దు. లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టండి, లేదా కాల్చేయండి. కసాయి అన్నలకూ ఈ మాట చెప్పండి. ఐస్‌లాండ్ దేశంలో 19వ శతాబ్దంలో ఈ జబ్బు విపరీతంగా ఉండేది. 1860లలో హరాల్డ్ క్రాబ్ అనే పశువైద్యుడు రాసిన చిన్న పుస్తకాన్ని అక్కడ ఇంటింటికీ పంచారు. అందులోని ముఖ్యమైన మాట ఇదే, కుక్కలకు ఆ బుడగల మాంసం వేయొద్దని. కాలక్రమంలో ఆ దేశం ఈ జబ్బు నుంచి బయటపడింది.

ప్రయాణికులకు అంటే మరికొన్ని

నత్తలు, పచ్చి సలాడ్ల ద్వారా వచ్చే ఎలుక ఊపిరితిత్తుల పురుగు ఒకటుంది. 2000 సంవత్సరంలో అమెరికాలోని షికాగో నుంచి జమైకాకు విహారానికి వెళ్లిన విద్యార్థుల్లో 12 మందికి తిరిగొచ్చాక దీని వల్ల మెదడు పొరల వాపు వచ్చింది. విచారణలో అనుమానం ఒక విందులో తిన్న సలాడ్ మీదికి వెళ్లింది. థాయిలాండ్, తైవాన్ వైపు వెళ్లేవాళ్లు పచ్చి నత్తలకు, సరిగ్గా ఉడకనివాటికి దూరంగా ఉండాలి.

ఆఫ్రికా దేశాల చెరువుల్లో, సరస్సుల్లో ఈదితే చర్మం గుండా దూరే బిల్హార్జియా పురుగు ఇంకొకటి. అరుదుగా ఇది వెన్నుపామును దెబ్బతీసి కాళ్లు పడిపోయేలా చేస్తుంది. సౌదీలో కూడా నైరుతి వైపు జీజాన్, అసీర్ ప్రాంతాల్లో ఒకప్పుడు ఇది బాగా ఉండేది. నిల్వ నీళ్లలో దిగే పనిచేసి వచ్చినవాళ్లకు నడుం నొప్పి, కాళ్ల తిమ్మిరి, మూత్రం బిగిసినట్టు ఉంటే ఎక్కడ పనిచేశారో డాక్టరుకు చెప్పాలి.

ఇంట్లో ఒకరికి తేలితే ఏం చేయాలి

మెదడులో తిత్తి ఉన్న మనిషి నుంచి ఆ తిత్తి ఇంకొకరికి అంటదు. ఒకే పళ్లెంలో తినొచ్చు, పక్కన పడుకోవచ్చు. కానీ ఇంట్లో ఎవరి కడుపులోనో పురుగు ఉండొచ్చు. అందుకని ఇంట్లో అందరూ, వంటకు వచ్చేవాళ్లతో సహా మల పరీక్ష చేయించుకోవాలి. మలంలో సేమ్యా ముక్కల్లాంటి తెల్లటి చదునైన ముక్కలు ఎప్పుడైనా కనిపించాయేమో గుర్తు తెచ్చుకోవాలి. ఒక్కసారి పరీక్షలో దొరక్కపోవచ్చు, రెండు మూడుసార్లు ఇవ్వాలి. కడుపు పురుగుకు మందు సులువు, డాక్టరు చెప్పిన ఒక్క డోసుతో చాలామందికి పోతుంది.

మిగతాదంతా రోజువారీ అలవాటు. మరుగుదొడ్డి వాడటం. బయటికొచ్చాక సబ్బుతో గోళ్ల సందులు కూడా రుద్ది కడుక్కోవడం. నీళ్లతో శుభ్రపరచుకునే అలవాటు మనకుంది, మంచిదే, కానీ ఆ చేతికి సబ్బు కూడా తగలాలి. వంట మొదలుపెట్టే ముందు మళ్లీ కడగాలి. దావత్‌లకు వంట చేసే బావర్చీ బృందాలకు చేతులు కడిగే నీళ్లు, సబ్బు దగ్గర్లో పెట్టించడం మేజ్‌బాన్ బాధ్యత. తాగే నీళ్ల మీద అనుమానం ఉంటే మరిగించాలి.

సున్నిపెంట వాళ్లు ఎటు వెళ్లాలి

శ్రీశైలం డ్యామ్ పనులతో పుట్టిన ఊరు సున్నిపెంట. చుట్టూ నల్లమల. నంద్యాల చేరాలంటే ఘాట్ దిగి దోర్నాల, ఆత్మకూరు మీదుగా రావాలి. రాత్రిపూట అడవి చెక్‌పోస్టుల దగ్గర మామూలు బండ్లను ఆపే దారి ఇది. అందుకే ఫిట్ ఆగకపోతే సొంత బండి వెతుక్కుంటూ కూర్చోకుండా 108కే చేయండి. ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిట్ ఆపించుకుని, అప్పుడు పెద్ద ఆసుపత్రికి బయల్దేరడం క్షేమం.

నంద్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో మొదలైంది. ఆళ్లగడ్డ వాళ్లకూ అదే దగ్గర. నరాల జబ్బుల నిపుణుల కోసం కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. అక్కడా తేలకపోతే హైదరాబాద్ నిమ్స్, వెల్లూరు సీఎంసీ. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరగానే అడగండి, బిల్లు కట్టాక కాదు. ఆధార్, రేషన్ కార్డు, పాత స్కాన్‌లు, వాడుతున్న మాత్రల అట్టలు ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. రోగికి ఫిట్ వచ్చినప్పుడు ఫోన్‌లో అర నిమిషం వీడియో తీసి ఉంటే అది కూడా చూపించండి. ఏ చేయి ముందు కొట్టుకుంది, కళ్లు ఎటు తిరిగాయి అన్నది నరాల డాక్టరుకు చాలా పనికొస్తుంది.